వెనక కాళ్లు పడిపోయిన తాబేలు: ఉంచుకోవాలా, సాగనంపాలా?

లెక్కల నోటుబుక్కు, రాజమహేంద్రవరం

ముందే ఒక మాట. "అయ్యో పాపం" అనడానికి మా ఇంట్లోనే నలుగురున్నారు. ఈ ఫోరంలో నాకు కావలసింది, ఇలాంటి జీవిని నిజంగా సాకినవాళ్ల మాట.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఏడేళ్ల కిందట, మా అమ్మాయికి నాలుగేళ్లప్పుడు, అక్వేరియం దుకాణంలో రెండు తాబేలు పిల్లలు కొన్నాం. జత 300 రూపాయలు. ఒక్కొక్కటి పది రూపాయల బిళ్లంత ఉండేది, చెవి దగ్గర ఎర్రటి గీతతో. దుకాణం అతను "ఇంతకంటే పెరగవమ్మా" అన్నాడు. ఒకటి ఆ ఏడాదే చచ్చిపోయింది. రెండోది మాత్రం అతని మాట అబద్ధం చెయ్యడానికే పుట్టినట్టు పెరిగింది. ఇప్పుడు చిప్ప పొడవు 17 సెంటీమీటర్లు, బరువు 780 గ్రాములు. గుండ్రంగా, పలచగా ఉండేదని చిన్నప్పుడు మా అమ్మాయి దానికి బొబ్బట్టు అని పేరు పెట్టింది.

కార్తీకమాసంలో ఒక ఆదివారం డాబా మీద తొట్టి కడుగుతూ, ఎండ తగులుతుందని బొబ్బట్టును పిట్టగోడ మీద పెట్టారు. అది అంత త్వరగా కదులుతుందని ఎవరూ అనుకోరు. 12 అడుగుల కింద సిమెంటు వాకిలి. కొబ్బరికాయ కొట్టిన చప్పుడు వినిపించింది. ఆ పోలిక కావాలని వెతికింది కాదు, సరిగ్గా అలాగే ఉంది.

మా ఊరి పశువుల ఆసుపత్రి డాక్టరుగారు, "గేదె అయితే చెప్పగలను, దీని సంగతి నాకు తెలియదు" అని ఉన్నమాట చెప్పారు. ఆ నిజాయతీకి ఆయనకు దండం. బుట్టలో తడి తువ్వాలు పరిచి, రత్నాచల్‌లో విశాఖపట్నం తీసుకెళ్లాం. ఎక్స్‌రేలో వెనక భాగాన, వెన్నుకు అడ్డంగా ఒక గీత కనిపించింది. తాబేలుకు వెన్నెముకా పక్కటెముకలూ చిప్పతోనే అతుక్కుని ఉంటాయట. ఆ చోట చిప్ప పగిలితే మనకు నడుము విరిగినట్టే.

ఐదు నెలలైంది. పగులు పైకి మూసుకుంది. వెనక కాళ్లు రాలేదు. తోకలో చలనం లేదు. ముందు గోళ్లతో నేలను పట్టి లాగుతుంది, వెనక భాగం తడి మూటలా వస్తుంది. రాత్రిళ్లు గ్రానైటు మీద ఆ గీరుడు వినిపిస్తుంటే నాకు నిద్ర పట్టదు. మోకాళ్ల దగ్గర తోలు లేచింది, అడుగు చిప్ప వెనక అంచున పుండు పడింది. అయినా నేను గదిలోకి రాగానే మెడ చాచి చూస్తుంది. రొయ్య పెడితే లాక్కుంటుంది. ఇప్పటివరకు అయిన ఖర్చు 11,400 రూపాయలు.

ఇంట్లో అభిప్రాయాలు ఇలా ఉన్నాయి. మావారు డాక్టరును అడిగి సూది వేయించేద్దామంటారు. మా అత్తగారిది శ్రీకాకుళం వైపు, చిన్నప్పటి నుంచి శ్రీకూర్మం వెళ్లి అక్కడి తాబేళ్లకు దండం పెట్టుకున్న మనిషి. "కూర్మావతారాన్ని సూది వేసి చంపుతారా? పుష్కర ఘాట్‌లో వదిలేయండి, గంగమ్మ చూసుకుంటుంది" అంటారు. పక్కింటావిడ గుడి కోనేరు అంటుంది. మా అమ్మాయి ఫోనులో ఒక వీడియో చూపించింది. అమెరికాలో ఎవరో తాబేలుకు లెగో చక్రాల బండి కట్టారు, మనమూ కడదామంటుంది.

నా ప్రశ్న ఇది. అది బాధపడుతోందో లేదో నాకెలా తెలియాలి? కుక్క అయితే మూలుగుతుంది. ఇది ఏమీ అనదు. నేను దీన్ని ఉంచుతున్నది దాని కోసమా, లేక దాన్ని పిట్టగోడ మీద పెట్టిన పదకొండేళ్ల పిల్ల కోసమా?


తొట్టి కాపలా, హైదరాబాదు

మేడమ్, నా దగ్గరా అదే జాతి ఉంది, ఎర్ర చెవి గీత తాబేలు (రెడ్ ఇయర్డ్ స్లైడర్). వీధికుక్క కొరికింది. వెనక రెండు కాళ్లూ పోయి ఆరేళ్లు దాటింది. నేను చేసేది చెబుతాను, ధర్మసూక్ష్మాలు నాకు తెలియవు.

మొదట ఆ గ్రానైటు మీద నడవనివ్వకండి. స్నానాల గదిలో పరిచే మెత్తటి రబ్బరు చాప వేయండి, అది కూడా గుంటలు లేనిది. పుండుకు మాకు డాక్టరుగారు కాలిన గాయాలకు రాసే తెల్లటి పూత మందు ఇచ్చారు, సిల్వర్ సల్ఫాడయజిన్. రాసి గంటసేపు నీళ్లు తగలకుండా ఉంచి, ఆ తర్వాత తొట్టిలో వేస్తాను. మీ డాక్టరును అడిగే వాడండి.

రెండోది నీళ్ల లోతు. ముందు కాళ్ల మీద లేస్తే ముక్కు బయటికి రావాలి, అంతకు మించి చుక్క వద్దు. నేను మొదటి నెలలో పాత అలవాటు కొద్దీ తొట్టి నిండా పోసి ఆఫీసుకు వెళ్లాను. వచ్చేసరికి ఇటుక కింద ఇరుక్కుని ఉంది. తల కిందికి వంచి పట్టుకుంటే నోట్లోంచి నీళ్లు వచ్చాయి. ఎలాగో బతికింది. నీటి తాబేలు నీళ్లలో మునిగి చావడమేమిటని నవ్వకండి, అదీ ఊపిరి పీల్చే ప్రాణే. అలాగని పూర్తిగా పొడిగా ఉంచినా కుదరదు, నీళ్లలో ఉంటే తప్ప అది ముద్ద మింగలేదు. తిండికి వేరే చిన్న టబ్బు పెట్టుకుంటే పెద్ద తొట్టి మురికి కాదు.

ఎండ సంగతి. కిటికీ అద్దం లోంచి వచ్చే ఎండ పనికిరాదు, ఎముకకు కావలసిన కిరణాలను అద్దం ఆపేస్తుంది. బయట పెట్టాలి. కానీ మీ ఊరి వేసవిలో కాళ్లున్న తాబేలయితే నీడలోకి పాకుతుంది, మీది పాకలేదు. పక్కన మీరు కూర్చోవాలి. ఫోను చూస్తూ కాదు.

ఇక ఎవరూ చెప్పని మాట ఒకటి చెబుతాను. ఆరేళ్లలో నేను వరుసగా మూడు రాత్రులు ఊరి బయట పడుకోలేదు. మా చెల్లెలి పెళ్లికి విజయవాడ వెళ్లి, అప్పగింతలు కాకుండానే తిరుగు బస్సు ఎక్కాను. ఆమె ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. నా తాబేలు హాయిగానే ఉందని నా నమ్మకం. ఈ పని మళ్లీ మొదటి నుంచి చేస్తావా అని అడిగితే మాత్రం వెంటనే అవునని చెప్పలేను.


కోనేటి గట్టు

నేను ఒక గుడి కోనేరు పక్కన ఉంటాను. ఏ ఊరో చెప్పను, అన్ని ఊళ్లలోనూ ఇదే కథ.

వారానికి ఒకరైనా వస్తారు. ప్లాస్టిక్ డబ్బాలోంచి తాబేలును తీసి, నీళ్లలో వేసి, దండం పెట్టి, ఫొటో తీసుకుని పోతారు. పుణ్యం చేసుకున్నామని వాళ్ల మొహాల్లో ఎంత నిశ్చింతో! తర్వాత దాన్ని చూసేది నేను. వాళ్లు తెచ్చే ఈ ఎర్ర చెవి గీతవి మన దేశపు తాబేళ్లు కావు, అమెరికాలో మిసిసిపీ నది వైపువి. ప్రపంచంలో అత్యంత హాని చేస్తున్న 100 పరాయి జాతుల జాబితాలో దీని పేరుంది. ఎండ కాచుకునే రాయి ఒకటే ఉంటే మన తాబేళ్లను నెట్టి అది ఎక్కుతుంది. కేరళలో పీచిలోని అటవీ పరిశోధన సంస్థ వాళ్లు వీటిని జనం దగ్గర నుంచి తీసుకుని విడిగా ఉంచే పని పెట్టుకున్నారంటే ఊరికే కాదు.

మీ అత్తగారికి నా మాటగా చెప్పండి. శ్రీకూర్మంలో ఉన్నవి నక్షత్ర తాబేళ్లు, నేల మీద తిరిగేవి. అవి మన దేశపు వన్యప్రాణులు, చట్టం వాటికి రక్షణ ఇచ్చింది. మీది వేరే జాతి, వేరే కథ. నిరుడు మా కోనేట్లో ముందు కాలు లేని తాబేలును ఎవరో వదిలారు. మెట్టు ఎక్కలేక గోడ వెంబడి తిరుగుతూనే ఉండేది. మూడో రోజు తేలింది. గంగమ్మ ఏమీ చూసుకోలేదు, నేను వల వేసి తీశాను.

చంపడమా ఉంచడమా అన్నది మీ ఇష్టం. వదలడం మాత్రం మూడో దారి కాదు. అది కూడా చంపడమే, కాకపోతే మనం చూడకుండా.


పశువైద్యుడు, ఉద్యోగ విరమణ చేశాను

అమ్మా, నేను సర్వీసంతా పశువులతోనే గడిపాను. చివరి పదేళ్లలో జనం పక్షుల్ని, తాబేళ్లను తేవడం మొదలుపెడితే చదువుకుని నేర్చుకున్నాను. ఎక్స్‌రే చూడకుండా తీర్పు చెప్పను. కొన్ని సంగతులు మీరే గమనించాలి.

కాలి వేలును నెమ్మదిగా నొక్కితే కాలు ముడుచుకుందనుకోండి, ఆశ వచ్చేసిందని మురిసిపోకండి. ముడుచుకోవడం వేరు, తెలియడం వేరు. మెదడు దాకా కబురు వెళ్లకుండానే వెన్నుపాము ఆ పని చేయించగలదు. నొక్కినప్పుడు తల తిప్పి చూస్తోందా, నోరు తెరుస్తోందా, ముందు కాళ్లతో పారిపోవాలని చూస్తోందా? అది చూడండి. ఇది డాక్టరు చేత ఒకసారి చేయించి, ఎలా చేశారో నేర్చుకోండి. ఐదు నెలల తర్వాత కూడా రెండు కాళ్లలోనూ ఏమీ తెలియకపోతే నేనైతే నడక మీద ఆశ పెట్టను. తాబేలు శరీరంలో అన్నీ నిదానమే, చిప్ప ఎముక పూర్తిగా అతుక్కోవడానికి ఏడాది దాటవచ్చు. కాబట్టి తొందరా వద్దు, భ్రమా వద్దు.

అది ఆడదా? ముందు కాళ్ల గోళ్లు పొట్టిగా ఉంటే ఆడది కావచ్చు. మగతోడు లేకపోయినా ఈ వయసులో గుడ్లు వస్తాయి. గుంట తవ్వడానికి వెనక కాళ్లు కావాలి, మీ దానికి అవి లేవు. గుడ్లు లోపలే నిలిచిపోతే ప్రాణానికే ముప్పు. మళ్లీ ఎక్స్‌రే తీసినప్పుడు ఇది కూడా చూడమనండి. ముఖ్యంగా మలమూత్రాలు తనంతట తానుగా బయటికి వస్తున్నాయా అన్నది. నా లెక్కలో కాళ్ల కంటే ఇదే పెద్ద ప్రశ్న.

మీ అమ్మాయి చూసిన లెగో తాబేలు 2018లో బాల్టిమోర్‌లో దొరికింది. మేరీలాండ్ జూ వాళ్లు చికిత్స చేశారు. దానికి అడుగు చిప్ప పగిలింది గాని నాలుగు కాళ్లూ బాగానే ఉన్నాయి. పగులు మానేదాకా పొట్ట నేలకు తగలకుండా ఉండాలని ఆ బండి. అది నేల తాబేలు కూడా. మీది రోజులో సగం నీళ్లలో ఉండేది. చక్రాలు అతికిస్తే ఫొటోకు బాగుంటుంది, అంతే.

సూది గురించి. నిర్ణయం అటే అయితే అది సరిగ్గా జరగాలి. మొదట మత్తు ఇచ్చి, తెలివి పూర్తిగా పోయిందని చూశాకే ప్రాణం తీసే మందు ఇవ్వాలి. తాబేలు ఆక్సిజన్ లేకుండా చాలాసేపు తట్టుకోగలదు, మెదడు ఆగాక కూడా గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. అందుకే గుండె చప్పుడు వినే యంత్రం పెట్టి, కొన్ని గంటలు కనిపెట్టి, రెండో పద్ధతితో కూడా నిర్ధారించుకుంటారు. ఇవన్నీ తెలిసిన డాక్టరు దగ్గరికే వెళ్లండి. "ఫ్రిజ్‌లో పెట్టండి, నిద్రలోనే పోతుంది" అని ఎవరైనా అంటే వినకండి. అది దయ కాదు.

మందుల చీటీలో రాయని ప్రశ్న ఇంకొకటి ఉంది. ఈ జాతి ఇరవై, ముప్పై ఏళ్లు బతుకుతుంది. మీ అమ్మాయి ఇంటర్ చదవడానికి హాస్టల్‌కు వెళ్తే రోజూ పుండు తుడిచేదెవరు? ఈ లోపు ముట్టుకున్న ప్రతిసారీ పిల్ల చేత సబ్బుతో చేతులు కడిగించండి. సాల్మొనెల్లా అనే విరేచనాల సూక్ష్మజీవి అంటుకుంటుందనే అమెరికాలో 1975 నుంచి నాలుగు అంగుళాల లోపు తాబేలు పిల్లల్ని పెంపకానికి అమ్మనివ్వడం లేదు.

కొలత అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఆలిస్ విల్లలోబోస్ అనే అమెరికా పశువైద్యురాలు 2004లో ఒక పట్టిక తెచ్చారు. నొప్పి, ఆకలి, నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువా కాదా. ఏడింటికీ పదేసి మార్కులు, మొత్తం 35 దాటితే సాకవచ్చని. కుక్కలు, పిల్లుల కోసం చేసింది, అయినా ఆలోచించడానికి పనికొస్తుంది.


లెక్కల నోటుబుక్కు, రాజమహేంద్రవరం

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. మళ్లీ విశాఖపట్నం వెళ్లొచ్చాం.

కుడి కాలి వేళ్లు నొక్కితే కాలు ముడుచుకుంది గాని, బొబ్బట్టు మొహంలో ఏ మార్పూ లేదు. ఎడమ కాలు నొక్కితే తల గిర్రున తిప్పి డాక్టరుగారి వేలును కొరకబోయింది. ఆయనకు సంతోషం, నాకు సంతోషం, ఇద్దరం ఒకరికొకరు అభినందనలు చెప్పుకోవలసినంత పని చేసింది. గుడ్లు లేవు. మలం తనంతట తనే వస్తోంది. మూత్రం ఎప్పుడు పడితే అప్పుడు కారుతోంది, పుండు మానకపోవడానికి కారణం అదేనట. నడక మీద ఆశ పెట్టుకోవద్దనే ఆయన కూడా అన్నారు. రబ్బరు చాప వేశాం. గీరుడు ఆగింది. రాత్రి చప్పుడు లేకపోతే లేచి వెళ్లి బతికుందో లేదో చూస్తున్నాను, నిద్ర మాత్రం ఎలాగూ లేదు.

పెద్దాయన చెప్పిన పట్టిక వేశాను. 41 వచ్చింది. కానీ నాకు ఆ కూడికే నచ్చలేదు. ఆకలికి పదీ, నీటికి పదీ వేసి, నొప్పికి సున్నా వేసినా మొత్తం బాగానే కనిపిస్తుంది. లెక్కల్లో వంద తెచ్చుకున్న పిల్లవాడు తెలుగులో సున్నా తెచ్చుకుంటే సగటు 50 కాబట్టి పాసంటామా? ప్రతి సబ్జెక్టులోనూ పాస్ మార్కులు రావాలంటాం. అందుకే మొత్తం వదిలేసి, వేటికవి గీతలు గీశాను. బరువు 700 గ్రాముల కిందికి వచ్చి, మందు వాడినా రెండు వారాలు అక్కడే ఉంటే. పుండు ఎముక దాకా వెళ్తే. మలం ఆగిపోయి ప్రతిసారీ డాక్టరు చేత తీయించాల్సి వస్తే. ఈ మూడింటిలో ఏది జరిగినా డాక్టరుగారు సరేనంటే సూది వేయిస్తాం. అప్పుడు ఇంట్లో మళ్లీ ఓట్లు ఉండవు. ఏడుస్తూ కూర్చున్న రోజున నేను గీతను జరుపుతానని నాకు తెలుసు, అందుకే ముందే పెన్నుతో రాశాను.

అత్తగారికి కోనేటి గట్టు గారి జవాబు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు పొద్దున తొట్టి దగ్గర ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నారు, ఎండలో, చేతిలో విసనకర్రతో. కాపలా ఇప్పుడు ఆవిడదే. సూది మాట ఎత్తితే ఇప్పటికీ చెవులు మూసుకుంటారు. మావారు పుండు తుడవరు గాని నీళ్లు మారుస్తున్నారు. హాస్టల్ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు. అప్పటికి నేనే చేయాలి, చేస్తానో లేదో అప్పుడు చూడాలి.

మొదటి పోస్టులో ఒక మాట సరిగ్గా రాయలేదు. పిట్టగోడ మీద పెట్టింది మా అమ్మాయే. పెట్టమన్నది నేను. "కింద తడిగా ఉంది, ఆ గోడ మీద పెట్టు" అని చెప్పి, వంగి తొట్టి తోముతున్నాను. ఐదు నెలలుగా ఆ పిల్ల తన వల్లే అనుకుంటోంది, నేను అనుకోనిచ్చాను. పోయిన ఆదివారం చెప్పేశాను. "నాకు తెలుసమ్మా" అంది. ఇంకేమీ అనలేదు. నోటుబుక్కు తీసుకుని నా మూడు గీతల కింద నాలుగోది తన చేత్తో రాసింది: "నేను పెట్టినా వారం రోజులు తినకపోతే."


తొట్టి కాపలా, హైదరాబాదు

మేడమ్, పుండు తుడిచాక పడుకోబెట్టడానికి తెల్ల తువ్వాలు వాడండి. మా ఇంట్లో మెరూన్ రంగుది వాడేవాళ్లం, రక్తం వస్తోందని పది రోజుల దాకా తెలియలేదు. నాలుగో గీత విషయంలో ఒక్క మాట: డిసెంబరు, జనవరి చలికి ఇవి మామూలుగానే తిండి తగ్గిస్తాయి. ఆ రెండు నెలలూ నీళ్ల వేడి చూశాకే ఆ గీత లెక్కలోకి తీసుకోండి. పాపకు కూడా ఇప్పుడే చెప్పి ఉంచండి.